బొగ్గుమడి

ఆ రోజుల్లో బేరం ఆడకుండా వస్తువు కొన్నవాణ్ణి మా వీధిలో జాలిగా చూసేవారు, పాపం ఒంట్లో బాగాలేదేమోనని. బందరులో మాది కిరాణా కొట్టు. పక్కనే మా పెదనాన్న బట్టల కొట్టు, ఎదురుగా మా మేనమామ ఇనప సామాన్ల కొట్టు. నేను నడక నేర్చుకున్నది బస్తాల మధ్య, మాటలు నేర్చుకున్నది బేరాల మధ్య. నేను పలికిన మొదటి పూర్తి వాక్యం "అబ్బే, ఆ ధరకి రాదండీ" అని మా అమ్మ చెప్పేది (మా అమ్మ చెప్పినదాంట్లో కొంత తరుగు తీసేసుకోవాలి, అయినా నమ్మదగ్గదే). అలాంటి ఇంట్లోంచి వచ్చినవాణ్ణి, రసాయనశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని, కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చోకుండా, పొలాల మట్టి పరీక్ష చేసే ప్రయోగశాలలో ఉద్యోగానికి చేరితే మా నాన్న కోప్పడలేదు గానీ చాలాసేపు ఆలోచించాడు. "ఊరూరి మట్టీ తెప్పించి, జాగ్రత్తగా తూచి, చివరికి పారబోస్తారన్నమాట" అన్నాడు. అవునన్నాను. "మరి ఇందులో లాభం ఎక్కడుందిరా?" అన్నాడు. రైతుకు ఉంటుందన్నాను. "నేనడిగింది కొట్టువాడి సంగతి" అన్నాడు.

మా ప్రయోగశాలకి పెద్ద ఒక ఆఫీసరుగారు. రాయలసీమ నుంచి వచ్చిన మనిషి, సన్నగా, నెమ్మదిగా ఉండేవారు, గొంతు పెంచి ఎరగరు. ఆయన్ని మేము చాటున "ఖాళీసీసాగారు" అనేవాళ్ళం. ఎందుకో చెప్పాలంటే మేము చేసే పని కాస్త చెప్పాలి. పొలంలో భాస్వరం తగినంత ఉంటేనే వరి గట్టిగా వేళ్ళూని, పిలకలు వేసి, దుబ్బు కడుతుంది. ఆ భాస్వరం కంటికి కనపడదు కనక దాన్ని నీలంరంగులోకి మార్చి చూడాలి. కొంచెం మట్టి తీసుకుని వంటసోడా కలిపిన నీళ్ళలో వేసి బాగా గిలకొట్టాలి (అదే వంటసోడా, మా కొట్లో పొట్లాలు కట్టి అమ్మేది. ఇక్కడ మాత్రం దానికి ఇంగ్లీషు పేరూ, తాళం వేసిన బీరువా). అప్పుడు భాస్వరంతో పాటు నల్లమట్టి రంగు కూడా నీళ్ళలోకి దిగుతుంది, టీ డికాషనులాగా. ఆ రంగు పీల్చడానికి చిటికెడు బొగ్గుపొడి వేసి వడకట్టాలి. ఆ తేటనీళ్ళలో ఒక ఘాటు మందూ, దాని వెనకాలే తగరంతో చేసిన మందూ చుక్కలుగా వేస్తే నీలంరంగు పుడుతుంది. ముదురు నీలమైతే భాస్వరం దండిగా ఉన్నట్టు, లేతగా ఉంటే కొరత ఉన్నట్టు. ఆ రంగు ఎక్కువసేపు నిలవదు, పుట్టిన కాసేపట్లోనే చూసెయ్యాలి. మా పెదనాన్న కొట్లో చీరల రంగులు చూసి పెరిగినవాణ్ణి, ఈ పనిలో నాకు మంచి పేరే వచ్చింది.

ఇక ఖాళీసీసా. ప్రతి విడతలోనూ ఒక సీసాలో మట్టి తప్ప తక్కినవన్నీ వేసి, మట్టి ఉన్న సీసాలకి చేసినట్టే దానికీ అన్నీ చెయ్యాలి. మందుల్లోంచి గానీ, బొగ్గులోంచి గానీ, గాజులోంచి గానీ దొంగతనంగా ఏమన్నా నీలం వస్తుంటే అది ఆ సీసాలో బయటపడుతుంది. దాన్ని తీసేస్తే మట్టిది మట్టికి మిగులుతుంది. ఆఫీసరుగారు పొద్దున్న లోపలికి వస్తూనే నమస్కారం కన్నా ముందు "ఖాళీసీసా పెట్టావా?" అని అడిగేవారు. చేరిన కొత్తలో ఆయన ఇది వివరిస్తుంటే నేను మధ్యలోనే అందుకుని "తెలిసిందండీ, నెయ్యి తూచేముందు ఖాళీ డబ్బా తూచినట్టు" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి నాకు తగిన శిష్యుడు దొరికాడన్నట్టు చూశారు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తలవంపే.

ఆ ఏడు వేసవి చివర్లో బొగ్గుపొడి అయిపోయింది. మాకు ఆ బొగ్గు మద్రాసు నుంచి రావాలి. కడిగి, శుద్ధి చేసి, సీలు వేసిన డబ్బాల్లో వచ్చేది. అక్కడ రాసుకున్నారు, ఇక్కడ రాసుకున్నారు, డబ్బా మాత్రం రాలేదు. నందివాడ మట్లు, మొవ్వ మట్లు, దివిసీమ మట్లు గుడ్డసంచుల్లో వచ్చి గదిలో నడవడానికి దారి లేకుండా పేరుకుపోతున్నాయి. అవతల కాలవలు వదిలారు, ఊడ్పులకి ముందు పొలాల్లో దమ్ములు మొదలవుతున్నాయి. రైతులు వచ్చి వరండాలో నిలబడి "మా సంగతేం చేశారండీ?" అని అడుగుతున్నారు. ఆఫీసరుగారు గుడివాడ వైపు క్యాంపుకి వెళ్తూ "బజార్లో మంచి బొగ్గు ఏదన్నా దొరుకుతుందేమో చూడు. దొరికితే ముందు ఖాళీసీసాతో చూసుకో" అని చెప్పి వెళ్ళారు. ఆ రెండు మాటల్లో నాకు మొదటిది మాత్రమే వినపడింది. బజారు, బేరం! ప్రయోగశాలలో చేరాక మొదటిసారి నాకు చేతనైన పని చెప్పారు.

బందరు బజార్లో పాత సామాన్లు అమ్మే ఒకాయన ఉండేవాడు, కళ్ళజోడుకి ఒకే అద్దం ఉండేది. ఆయన కొట్టు వెనక నల్లగా, మెత్తగా, కాటుకలాంటి పొడి ఒక పీపా నిండా ఉంది.

"ఇదేం బొగ్గండీ?" అన్నాను, అక్కర్లేనట్టు మొహం పెట్టి.

"చక్కెర తెల్లగా చెయ్యడానికి వాడేది బాబూ. ఎముకలు కాల్చి చేస్తారు. ఆ కార్ఖానా మూతపడితే నా నెత్తిన పడింది."

"ఎముకలా!" అని నేను నాలుగడుగులు వెనక్కి వేశాను. నిజానికి మా ఇళ్ళల్లో ఎముక అనే మాట గడప దాటి లోపలికి రాదు. కానీ ఆ అడుగులు భయంతో వేసినవి కావు, బేరంతో వేసినవి. "రామ రామ! ఎముకల బొగ్గు పట్టుకెళ్తే మా అమ్మ నన్ను వీధిలోనే స్నానం చేయిస్తుంది. ఈ మైల సరుకు మీ దగ్గర ఎవరు కొంటారు చెప్పండి?"

"అంత మాటనకు. పనితనం చూడు ముందు" అని ఆయన ఒక గ్లాసులో బెల్లంనీళ్ళు కలిపి, అందులో ఆ పొడి వేసి, గుడ్డలో వడకట్టి ఇచ్చాడు. కొబ్బరినీళ్ళలా తేటగా వచ్చాయి! నా గుండె గంతులేసింది, మొహం మాత్రం అలాగే ముడుచుకుని ఉంది. "తేటగా వస్తే వచ్చిందిలెండి. ఎముకలు కదా" అన్నాను. ఆయన ఒక మెట్టు దిగాడు. "మీరు చెప్పేది నిజమే గానీ, ఎముకలు కదండీ" అన్నాను. ఇంకో మెట్టు దిగాడు. ఆ సాయంత్రం ఎముక అన్న మాట ఎన్నిసార్లు వాడానో అన్నిసార్లూ ధర దిగింది. చివరికి ఆయన విసుగెత్తి "పట్టుకుపో నాయనా, నువ్వు ఎవరి అబ్బాయివో నాకు తెలిసింది" అన్నాడు. ఎముకల్లో ఉండేదేమిటి అని నన్ను నిద్రలో లేపి అడిగినా కాల్షియమూ, ఫాస్ఫేటూ అని ఠక్కున చెప్పేవాణ్ణి. డిగ్రీ పరీక్షలో రాశాను కూడా. కానీ బజార్లో ఎవరూ అడగలేదు.

మర్నాడు ఆ బొగ్గుతో పని మొదలుపెట్టాను. ఖాళీసీసా గుర్తొచ్చింది, మరిచిపోలేదు. అయితే మట్టే లేని సీసాలో అంతంత ఖరీదు మందులు పొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. పెరిగిన ఇల్లు అలాంటిది. పాత బొగ్గుతో పెట్టిన ఖాళీసీసాలో నీలం దాదాపు లేదు కదా, నిన్న ఖాళీగా ఉన్న సీసా ఇవాళ మాత్రం నిండుతుందా అని, ఆ పాత లెక్కే దీనికీ సరిపెట్టాను. తగరం మందు చుక్కలు పడగానే, ఏం చెప్పను! వరసగా పెట్టిన గొట్టాలన్నీ నెమలికంఠం రంగు తిరిగాయి. నందివాడ నీలం, మొవ్వ నీలం, దివిసీమ మరీ నీలం. మన జిల్లా ఇంత భాగ్యవంతమైన జిల్లా అని ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియనందుకు నాకు జాలేసింది. ఫలితాలన్నీ ఆఫీసరుగారు వచ్చి చూశాకే రైతులకి వెళ్ళాలి. అందుకని ఎవరికీ చెప్పలేదు, ఒక్కరికి తప్ప.

ఆ ఒక్కరూ మా మేష్టారు. దివిసీమలో మిషను బడికి హెడ్మాస్టరుగా చేసి రిటైరై, కాలవ చివరి భూముల్లో సొంత సేద్యం చేసుకునేవారు. నెలకోసారి బందరు వచ్చి మా కొట్లో సరుకులు పట్టుకెళ్ళేవారు. మా నాన్నతో చింతపండు దగ్గర ఆయన ఆడే బేరం చూడడానికి పక్క కొట్లవాళ్ళు వచ్చి నిలబడేవారు. ఆయన పొలంలో వరి ఏటా పెరిగీ పెరగనట్టుండేది, దుబ్బు కట్టేది కాదు. మొవ్వలో జరిగిన రైతుల మీటింగులో మా ఆఫీసరుగారి మాట విని, ఆ ఏడు మొదటిసారి సొసైటీలో సూపరు బస్తాలు, అంటే భాస్వరం ఎరువు, తన పేర పెట్టించుకున్నారు. అయినా మనసులో గుంజాటన తీరలేదు. డబ్బాలో మట్టి స్వయంగా పట్టుకొచ్చి "వెయ్యాలో వద్దో నువ్వు చెబితే వింటానయ్యా. నీది బందరు బుర్ర, మోసపోదు" అన్నారు. ఆ రోజు ఆయన వరండాలో కూచుని ఉండగానే ఆయన మట్టి నీలం తిరిగింది. గొట్టం పట్టుకుని పరుగెత్తుకెళ్ళి చూపించాను. "మేష్టారూ, మీ పొలం బంగారమండీ! సూపరు అక్కర్లేదు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆ నీలాన్ని అలాగే చూస్తూ ఉండిపోయారు.

ఆఫీసరుగారు క్యాంపు నుంచి రావడమూ, మద్రాసు బొగ్గు రైల్లో దిగడమూ ఒకే రోజు జరిగాయి. నేను అప్పుడే రంగు తెప్పించిన గొట్టాల వరస ఆయన ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశారు. తరవాత నెమ్మదిగా "ఈ డెల్టానంతా ఎవరన్నా భాస్వరంలో ముంచి తీశారా?" అన్నారు. ఆ వెంటనే "ఖాళీసీసా ఏదీ?" అన్నారు. పెట్టలేదండీ అన్నాను. ఆయనే చొక్కా చేతులు మడుచుకుని, మట్టి లేని సీసాలో నా బొగ్గు వేసి, మొదటినుంచి చివరిదాకా చేశారు. అది వరసలో ఉన్న గొట్టాలన్నిటికన్నా అందంగా నీలం తిరిగింది.

"ఏం బొగ్గు ఇది?"

"ఎముకల బొగ్గండీ. చాలా చవగ్గా..." అన్నాను. అంటూ ఉండగానే నా నోట్లోంచి వస్తున్న మాట నా చెవుల్లో పడింది. ఎముకలు. ఫాస్ఫేటు. బజార్లో గొంతు చించుకుని అరిచింది నేనే, వినంది కూడా నేనే.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. మేష్టారి మట్టిని ముందుగా తీసి మద్రాసు బొగ్గుతో మళ్ళీ చేయించారు. లేతగా, ఉతికి ఉతికి వెలిసిపోయిన పంచె అంచులా, ఉందా లేదా అన్నంత నీలం వచ్చింది. "ఎవరికన్నా చెప్పావా?" అన్నారు. ఒక్కరికండీ అన్నాను. "ఆయన దమ్ము ఎప్పుడు?" అన్నారు. సోమవారమండీ అన్నాను. "ఇవాళ శనివారం. సూపరు దమ్ములోనే పడాలి. ఇంకా ఇక్కడే నిలబడ్డావేం?" అన్నారు.

రెండు బొగ్గులూ, మందులూ, గొట్టాలూ, మేష్టారి మట్టీ సంచిలో సర్దుకుని అవనిగడ్డ బస్సెక్కాను. అక్కడ అద్దె సైకిలు తీసుకుని కాలవగట్టున తొక్కుకుంటూ వెళ్ళేసరికి మేష్టారు అరుగుమీద పడక్కుర్చీలో ఉన్నారు. ఆయన భార్య పంతులమ్మగారు (అదే బడిలో చదువు చెప్పారు) గోంగూర తుంచుతున్నారు.

"రావయ్యా రా! ఎండన పడి వచ్చావేం? మళ్ళీ ఫస్టు క్లాసొచ్చిందా మనకి?" అన్నారు మేష్టారు.

నేను మంచినీళ్ళు తాగి, ఉన్న సంగతి చెప్పాను. ఆయన మొహంలో కళ తగ్గడం నేను చూడలేకపోయాను. "ఇప్పుడు చెబితే ఎలాగయ్యా?" అన్నారు. "పోయిన ఆదివారం ప్రార్థన గుళ్ళో సాక్ష్యం చెప్పేశాను. నా పొలంలో లేదనుకున్నది దేవుడు ముందే వేసి ఉంచాడని, అందరి ముందూ నిలబడి స్తోత్రం చెప్పాను."

"మరి సూపరు బస్తాలు?" అన్నాను.

"వాళ్ళ తమ్ముడికి ఇచ్చేశాను" అని పంతులమ్మగారి వైపు చూపించారు. ఆ తమ్ముణ్ణి ఊళ్ళో ఇంజనాయన అంటారు, కాలవనుంచి నీళ్ళు తోడే ఆయిలింజను ఉంది కనక. మేష్టారి పక్క పొలమే ఆయనది. బావగారిని ఏడిపించడం ఆయనకి ఇంజను కన్నా ముఖ్యమైన పని.

మేష్టారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. గొంతు తగ్గించారు. చింతపండు బేరం మొదలుపెట్టేటప్పటి గొంతు అది, నాకు తెలుసు. "పోనీ ఎక్కువ అనొద్దులే. మధ్యరకం అను."

"మధ్యరకం కాదండీ. తక్కువ."

"మధ్యరకానికి కాస్త తక్కువ అను, నేనూ సర్దుకుంటాను."

"సర్దుకోడానికి ఇది బేరం కాదండీ మేష్టారూ."

"ఏమిటీ, ఈ మాట నువ్వంటున్నావా!" అన్నారు ఆయన, నిజంగానే నొచ్చుకుని. "మీ నాన్న ఎప్పుడన్నా మొదట చెప్పిన ధరమీద నిలబడ్డాడా?"

సంచి విప్పి, అరుగుమీదే సీసాలు పెట్టాను. ఒకదాంట్లో మట్టి లేకుండా ఎముకల బొగ్గు వేశాను, ఇంకోదాంట్లో ఆయన మట్టీ మద్రాసు బొగ్గూ వేశాను. గిలకొట్టి, వడకట్టి, చుక్కలు వేశాను. మట్టి లేని గొట్టం నిండా నీలం పొంగింది. మట్టి ఉన్న గొట్టం వెలవెలబోతూ నిలబడింది.

పంతులమ్మగారు గోంగూర పక్కన పెట్టి వచ్చి వంగి చూశారు. "ఇందులో మట్టే లేదంటావు?"

"లేదండీ."

"అయితే పొలం అమ్మేసి ఈ సీసా కొనుక్కుందామండీ" అన్నారు భర్తతో. "దమ్మూ అక్కర్లేదు, ఊడ్పూ అక్కర్లేదు."

మేష్టారు నవ్వలేదు. ఆ రెండు గొట్టాల వంకా చూస్తూ, రంగు వెలిసేదాకా కూచున్నారు. తరవాత లేచి చెప్పులు వేసుకున్నారు. "పద, వాడి దగ్గరికి పోదాం" అన్నారు.

ఇంజనాయన ఇంజను విప్పుకుని నూనె చేతులతో కూచున్నాడు. మేము వెళ్ళిన పని విని, చేతులు తుడుచుకోకుండానే జోడించాడు. "బావగారి పొలంలో దేవుడే స్వయంగా వేశాడన్నారు కదా అని, నేను మామూలు మనిషిని కనక ఆ బస్తాలు తెచ్చుకున్నాను. ఇప్పుడు దేవుడు తీసేసుకున్నాడా?"

బేరం నేను అందుకున్నాను. జీవితంలో అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎప్పుడూ బేరమాడలేదు. "మీ మట్టి కూడా దగ్గరుండి పరీక్ష చేయిస్తానండీ" అన్నాను.

"ఏ బొగ్గుతో?" అన్నాడాయన.

మా వీధిలో పుట్టినవాణ్ణి ఒక్క ముక్కతో ఎవరూ అలా కూలదొయ్యలేదు. చివరికి ఆయనే చెప్పాడు. ఒక బస్తా ఇప్పటికే చల్లేశాడట, అది తిరిగి రాదు. మిగిలినవి సోమవారం పొద్దున్నే బండిలో పంపుతాడట. "కానీ బావగారు రేపు గుళ్ళో మళ్ళీ నిలబడాలి. పోయిన వారం ఎంత గట్టిగా చెప్పారో అంత గట్టిగా చెప్పాలి."

"అది నేను చెప్తానండీ, తప్పు ప్రయోగశాలది కదా" అన్నాను.

"సాక్ష్యం నాది" అన్నారు మేష్టారు.

ఆ రాత్రి అక్కడే ఉండి, ఆదివారం పొద్దున్న వాళ్ళతో గుడికి వెళ్ళి చివరి చాపమీద కూచున్నాను. పాటలయ్యాక, పాస్టరుగారు సాక్ష్యాలు ఎవరన్నా చెబుతారా అని అడిగారు. మేష్టారు లేచారు. మెడలో ఉత్తరీయం సరిచేసుకున్నారు. ముందు వరసలో ఇంజనాయన కూచుని, సినిమా మొదలవబోతున్నట్టు మొహం పెట్టుకుని ఉన్నాడు.

"పోయిన ఆదివారం నేను, లేనిది ఉందనుకుని స్తోత్రం చెప్పాను" అన్నారు మేష్టారు, బడిలో పాఠం చెప్పే గొంతుతో. "ఈ ఆదివారం, అది లేదని దమ్ముకి ముందే తెలిసినందుకు స్తోత్రం చెబుతున్నాను. మొదటిదానికన్నా ఇదే పెద్ద మేలు. దీన్ని తెలియజెయ్యడానికి ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన ఈ అబ్బాయిని కూడా దేవుడు దీవించాలి. బొగ్గు కొనేటప్పుడు మరీ దీవించాలి."

ముందు వరసలోంచి ఇంజనాయన అందరికన్నా గట్టిగా "ఆమెన్!" అన్నాడు. గుడంతా నవ్వింది, పాస్టరుగారితో సహా. సోమవారం బస్తాలు చెప్పిన వేళకి వచ్చాయి.

ఆ ఏడు మేష్టారి వరి దుబ్బు కట్టింది. ఒక్క మడి మాత్రం, తిరిగిరాని బస్తా తాలూకు మడి, ఎప్పటిలాగే పొట్టిగా, పిలకలు లేకుండా, తలెత్తుకోలేక నిలబడింది. గట్టుమీద పోయేవాళ్ళందరికీ మేష్టారు దాన్ని చూపించి "అది మన బందరబ్బాయి మడి, బొగ్గుమడి" అనేవారట. కోతలయ్యాక సరుకులకి వచ్చి ఈ కథంతా మా కొట్లో చెబితే మా నాన్న చింతపండు తూచి, బేరం ఆడకుండానే మేష్టారు మొదట అడిగిన ధరకి పొట్లం కట్టి ఇచ్చేశాడు. మేష్టారు కంగారుపడి "ఒంట్లో బాగుందా?" అని అడిగారు.

తరవాత నేను చాలా ఊళ్ళలో, చాలా ప్రయోగశాలల్లో పని చేశాను. నాకింద చేరిన కుర్రాళ్ళు నన్ను చాటున ఏమని పిలిచేవారో వేరే చెప్పక్కర్లేదు. ఈ మధ్య రక్తపరీక్షకి వెళ్ళినప్పుడు, సూది గుచ్చబోతున్న అమ్మాయిని "ఖాళీసీసా పెట్టారామ్మా?" అని అడిగితే, ఆ పిల్ల మా ఆవిడ వంక చూసి "తాతగారికి షుగరు తగ్గినట్టుందండీ" అంది.

కిందటేడు ఎవరిదో పెళ్ళికని దివిసీమ వెళ్ళాను. మేష్టారూ లేరు, పంతులమ్మగారూ లేరు, ఇంజనాయనా లేడు. కాలవగట్టున ఆ పొలం దగ్గర కారు ఆపించి దిగాను. ఏ మడి ఏదో పోల్చుకోలేకపోయాను, అంతా ఒకే పచ్చగా, ఒకే ఎత్తుగా ఉంది. గట్టుమీంచి పైరుకి పురుగుమందు కొడుతున్న ఒక కుర్ర రైతుని ఆ మూల మడి ఎవరిదని అడిగాను.

"మాదేనండీ. బొగ్గుమడి అంటారు."

"ఆ పేరెందుకు వచ్చిందయ్యా?"

"ఏమోనండీ, మా తాతల నాటినించీ అంతే. పూర్వం అక్కడ బొగ్గులు కాల్చేవాళ్ళేమో" అన్నాడు.

చెబుదామని నోరు తెరిచాను. గుడ్డసంచుల మట్లూ, ఒంటి అద్దం కళ్ళజోడూ, అరుగుమీద పొంగిన నీలమూ, అన్నీ నోటిదాకా వచ్చాయి. ఆ అబ్బాయి భుజాన డబ్బా బరువుగా ఉంది, ఎండ ఎక్కుతోంది.

"అయ్యుంటుందిలే" అన్నాను. మొదట చెప్పిన ధరకి నేను ఒప్పుకోవడం బహుశా అదే మొదటిసారి.